దిండు కింద ముడుపు

పురుగుమందుతో ఆస్పత్రికి వచ్చేవాళ్ళు తాగామని చెప్పరు. పొలంలో కొడుతుంటే మీద పడిందంటారు, గాలికి ముక్కులోకి పోయిందంటారు, దగ్గు మందనుకొని పొరపాటు పడ్డామంటారు. పోలీసు కేసు అవుతుందని భయం, ఊళ్ళో పరువు పోతుందని భయం. డాక్టర్లకూ ఈ సంగతి తెలుసు. విన్నట్టే తల ఊపి, కడుపు కడగడానికి ట్యూబు తెప్పిస్తారు. వాళ్ళను తప్పుబట్టను. కానీ మందు నిజంగానే మీద పడిన మనిషి వస్తే ఆ మనిషి గతేమిటో నాకు బాగా తెలుసు. ఆ మనిషిని నేనే.

తొంభైల చివరి మాట ఇది. పుంగనూరు నుంచి పెద్దపంజాణి పోయే దారిలో మా అత్తగారి ఊరు. కుప్పంలో పుట్టి, ఇంటర్ దాకా చదువుకొని, ఆ ఇంటికి కోడలిగా వచ్చాను. చదువుకున్న పిల్ల అని పెళ్ళిచూపుల్లో మురిసిపోయారు, పెళ్ళయ్యాక టమాటా తోటలో దించారు. పుస్తకం పట్టిన చేతులతో నారు నాటడం, కలుపు తీయడం, గంపలకెత్తడం అన్నీ నేర్చుకున్నాను. ఈ సంగతి జరగడానికి ముందు ఏడు మా ఊళ్ళో అంగనవాడీ కేంద్రం పెడుతున్నారని తెలిసి నేను ఆశపడ్డాను. ఆ పని నాకే వస్తుందని ఊరంతా అనుకుంది. చివరికి పక్క వీధి అమ్మాయికిచ్చారు. ఎందుకో ఎవరూ చెప్పలేదు. నేనూ రెండు రోజులు ఏడ్చి ఊరుకున్నాను.

ఆ ఏడు టమాటాకు కాయ తొలిచే పురుగు పట్టింది. మా ఆయన మందు కొట్టే మిషను వీపుకు తగిలించుకొని పొద్దున్నే తోటకు పోయాడు. మందు డబ్బా తీసుకొని నేను వెనకాల పోవాలి. బయల్దేరే ముందు మా అత్తతో గొడవైంది. దేని గురించో చెప్తే నవ్వుతారు. ముందురోజు మిగిలిన సంగటి ముద్దను వీధి కుక్కకు వేశాను, అదీ నేరం. తిండి విలువ తెలీని పుట్టుకంది మా అత్త. నేను పడి ఉండే రకం కాదు, నోటికొచ్చింది నేనూ అన్నాను. "ఇట్లాంటి బతుకు బతికేదాని కంటే సచ్చేది మేలు" అని కూడా అన్నట్టున్నాను. కోపంలో అందరూ అనే మాటే, తర్వాత అది నా మెడకు చుట్టుకుంది.

నీళ్ళ బిందెకు పెట్టుకున్నట్టే తల మీద గుడ్డ చుట్ట పెట్టుకొని, దాని మీద డబ్బా పెట్టుకొని విసవిసా నడిచాను. కోపంగా ఉన్నవాళ్ళు మూత బిగిసిందో లేదో చూడరు. దారిలో మెడ వెనక తడి తగిలింది. బిందె మోసేవాళ్ళకు ఆ తడి అలవాటే, చెమటనుకున్నాను. గుడ్డ చుట్ట కారిన మందంతా పీల్చుకొని నా కొప్పులోకి వదులుతూ వచ్చింది. ఒత్తయిన జుట్టు, పైగా నిండా ఆముదం. నా జుట్టు గురించి ఒక మాట చెప్పాలి. మా పిల్లవాడికి అంతకు ముందు ఏడు జ్వరమొచ్చి తగ్గనప్పుడు, నా తలనీలాలు ఇప్పిస్తానని మా అత్త తిరుమల స్వామికి మొక్కుకుంది. అప్పటి నుంచీ ఆ జుట్టుకు కత్తెర తగలకూడదు. కొస కూడా కత్తిరించనిచ్చేది కాదు.

తోటకు చేరి డబ్బా దించాను. కాసేపు సాళ్ళలో పనిచేశాను కూడా. తర్వాత ఎదురుగా ఉన్న మొక్కలు మసకబారాయి. నోట్లో నీళ్ళు ఊరడం మొదలై ఆగలేదు. కడుపులో మెలిపెట్టింది, ఒళ్ళంతా చెమట, ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టు బరువు. గట్టు మీద పడిపోయాను. మా ఆయన పరిగెత్తుకుంటూ వచ్చాడు. మూత సగం ఊడిన డబ్బాను చూశాడు, నోట్లోంచి నురగ కారుతున్న నన్ను చూశాడు. నేను తాగానని నమ్మడానికి ఆయనకు అంతకన్నా ఏమీ అక్కర్లేకపోయింది.

"యాల తాగితివి మే? నేనేం తక్కువ చేసినా నీకు?" అని అరిచాడు.

"తాగలే, ఒలికింది" అన్నాను. మాట సరిగ్గా రాలేదు.

పక్క తోటల్లోంచి ఆడవాళ్ళు వచ్చారు. "తాగినోళ్ళంతా అట్నే అంటారు, నోరు తెరిపియ్యండి" అంది ఒకావిడ. పేడనీళ్ళు కలిపి, ముక్కు మూసి, గొంతులో పోశారు. అది తాగితే ఎవరికైనా వాంతవుతుంది. నాకూ అయింది. చూశారా, లోపలి మందంతా బయటికొస్తోందని సంతోషపడ్డారు. మా అత్త వచ్చింది. పొద్దున అన్న మాటలన్నీ ఆమెకు గుర్తొచ్చినట్టున్నాయి, తల బాదుకుంటూ కూర్చుండిపోయింది.

పుంగనూరులో డాక్టరు చూసి, ఒక సూది వేసి, ఆలస్యం చేయకుండా మదనపల్లెకు తీసుకుపొమ్మన్నాడు. జీపులో మా అత్త ఒళ్ళో నా తల. ఆ తడి జుట్టును ఆమె దారి పొడుగునా నిమురుతూనే ఉంది.

మదనపల్లె ఆస్పత్రిలో నన్ను చూసిన డాక్టరు కోస్తా వైపు మనిషి, చిన్నవాడు. ముందు నా నోటి దగ్గర ముక్కు పెట్టి వాసన చూశాడు. రెప్పలు ఎత్తి టార్చి వేశాడు. కంటిపాపలు సూది మొనల్లా అయిపోయాయని నర్సుతో అన్నాడు. గుండె మీద, వీపు మీద గొట్టం పెట్టి విన్నాడు, నాడి చూశాడు, చంకలో చెయ్యి పెట్టి చెమట ఎంత ఉందో చూశాడు. అంతా చకచకా జరిగిపోయింది.

"ఏం తాగావమ్మా? నిజం చెప్పు, నిజం చెబితేనే వైద్యం చేయగలను."

"తాగలేదు సార్. తల మీద ఒలికింది."

ఆయన తల ఊపాడు. ఆ ఊపు నాకిప్పటికీ గుర్తే, పసిపిల్లల అబద్ధానికి పెద్దవాళ్ళు ఊపినట్టు. ట్యూబు వేసి కడుపు కడిగారు. చీర మార్చి, ఒళ్ళు సబ్బుతో తుడిచారు. జుట్టు వాంతితో పాడైంది, కత్తిరిస్తానంది నర్సు. మా అత్త నా కొప్పును రెండు చేతులతో పట్టుకొని అడ్డం పడింది. "స్వామి సొమ్ము తల్లీ అది, ముట్టుకోవాకు." విషం కడుపులోకి పోయిందనుకున్న వాళ్ళకు జుట్టుతో ఏం పని? నర్సు పైపైన తుడిచి వదిలేసింది. నా మాట ఒక్కరు నమ్మి ఉంటే ఆ రోజే నా తల కడిగేవాళ్ళు.

విరుగుడు సూదులు మొదలయ్యాయి. అట్రోపిన్ అంటారు దాన్ని. నోరు ఎండేదాకా, ఛాతీలో గురగుర పోయేదాకా, కంటిపాపలు విచ్చేదాకా వేస్తూనే ఉండాలట. అది ఎక్కువైతే మనిషికి మతి తప్పుతుంది. నేను గాల్లో టమాటాలు కోసి గంపలో వేస్తున్నానట, పక్క మంచం ఆమె ముక్కు కూడా కోయబోయానట. గాజుగుడ్డతో చేతులు మంచానికి కట్టేశారు. ఆ మగతలోనే ఒక కానిస్టేబులు వచ్చి మా ఆయన్ని అడగడం విన్నాను.

"డబ్బా ఒలికింది సార్" అన్నాడు మా ఆయన, తనే నమ్మని మాటను.

"అవునప్పా, ఈ పక్క అందరి డబ్బాలూ ఒలుకుతాండాయి" అన్నాడు కానిస్టేబులు.

మతి తిరిగి వచ్చాక కాస్త తేరుకున్నాననే అనుకున్నారు. డాక్టరు ప్రతి పొద్దునా వచ్చి అవే పరీక్షలు చేసి, చివర్లో "దిండు మీంచి తల ఎత్తమ్మా" అనేవాడు. ఇదేం పరీక్ష అని లోపల నవ్వుకునేదాన్ని. ఒక పొద్దున తల లేవలేదు. మెడ నాది కానట్టు ఉండిపోయింది. డాక్టరు మొహం మారింది. కొందరికి విషం దిగినట్టే దిగి, తర్వాత మెడ, ఊపిరి కండరాలు చచ్చుబడతాయని, దాన్ని పట్టుకోవడానికే ఆ తల ఎత్తే పరీక్షని తర్వాత తెలిసింది. మధ్యాహ్నానికి రెప్పలు వాలిపోయాయి, ఊపిరి పైపైనే ఆగిపోతోంది. గొంతులోకి గొట్టం దించారు. ఆ హడావిడిలో జడ అడ్డమొస్తోందని నర్సు ఎవరినీ అడక్కుండా మొదలంటా కత్తిరించేసింది.

మా అత్త గుండెలు బాదుకుంది. తర్వాత కింద పడిన జడను ఏరుకొని, పసుపు గుడ్డలో చుట్టి, ముడుపు కట్టింది. కొండకు చేర్చేదాకా అది నన్ను కాపాడుతుందని నా దిండు కింద పెట్టింది.

ఇక అక్కడి నుంచి నేను చెప్పేదంతా కళ్ళు మూసుకొని చూసింది. రెప్పలు తెరుచుకోవు. మెడ కదలదు. గొంతులో గొట్టం, మాట లేదు. ఊపిరి నాది కాదు. కానీ మెలకువగా ఉన్నాను. చెవులు పనిచేస్తున్నాయి, ముక్కు పనిచేస్తోంది, చేతివేళ్ళు కదులుతున్నాయి. నేను స్పృహలో ఉన్నానని డాక్టరు మాత్రమే కనిపెట్టాడు. నా చెయ్యి పట్టుకొని, "అవునంటే ఒకసారి నొక్కు, కాదంటే రెండుసార్లు" అన్నాడు. నొక్కాను. ఆ మనిషి చెయ్యి నాకు కిటికీ అయింది. కాకపోతే ఆ కిటికీ ఆయన తెరిచినప్పుడే తెరుచుకునేది, ఆయన అడిగిందానికే నేను జవాబు చెప్పగలిగేదాన్ని.

ఊపిరి యంత్రం ఆస్పత్రిలో ఒకటే ఉంది, దాని మీద అప్పటికే వేరే మనిషి ఉన్నాడు. ఇంకో ఊరికి తీసుకుపోతే దారిలోనే పోతానన్నారు. గొట్టానికి రబ్బరు బ్యాగు తగిలించి, ఇంటివాళ్ళే నొక్కాలన్నారు. ఎప్పుడు నొక్కాలో మా అత్తకు అర్థం కాలేదు. "నీ ఊపిరే చూసుకో అమ్మా. నువ్వు పీల్చినప్పుడల్లా నొక్కు, వదిలినప్పుడు వదులు" అని నేర్పించాడు డాక్టరు. మా ఆయన అడిగినా, ఊరివాళ్ళు వచ్చినా ఆమె చోటు వదిలేది కాదు, కళ్ళు మూతలు పడుతున్నప్పుడు మాత్రం వాళ్ళకు ఇచ్చేది. అలా నేను మా అత్త ఊపిరి పీలుస్తూ బతికాను. ఆమె ఏడిస్తే నా ఊపిరి తెగి తెగి వచ్చేది. ఆమె దేవుణ్ణి తలుచుకుంటూ నెమ్మదిస్తే నాకూ నిదానంగా వచ్చేది.

వార్డులో సందడి లేనప్పుడు ఆమె నా చెవి దగ్గర మాట్లాడేది. నాకు వినబడదనే అనుకుంది.

"సంగటి ముద్ద కోసం నిన్ను అంత మాటంటినే. ముద్ద పోతే పోయింది, లెయ్ మే. నీ కొడుకు నన్నడుగుతాండాడు, అమ్మ యాడ అని."

నేను తాగలేదు, నీ వల్ల కాదు అని అరవాలనిపించేది. అరుపంతా లోపలే ఉండిపోయేది.

ఒక మధ్యాహ్నం అంది: "ఇంగో పాపం కూడా జేసినా. నీకు అంగనవాడీ పని వచ్చిండె. సర్పంచి మొదట నీ పేరే సెప్పినాడు. నేనే పోయి, మా కోడలికి ఇష్టం లేదు, తోటలో పనుండాదని సెప్పేసినా. నువ్వు కుర్చీలో కూసుంటే నేనొక్కతే ఎండలో సావాలని కుళ్ళు. ఆ పని ఉండింటే నువ్వు ఈ డబ్బా మోసేదానివే కాదు."

ఆ మాట విన్నప్పుడు నాకు వచ్చిన కోపాన్ని ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. కోపమొస్తే మనిషి అరుస్తుంది, ఏడుస్తుంది, కనీసం మొహం తిప్పుకుంటుంది. నాకు మొహం తిప్పుకొనే దారి కూడా లేదు. ఎవరి మీద కోపమొచ్చిందో ఆ మనిషే నాకు గాలి కొడుతోంది. ఆమె చెయ్యి ఆపితే నేను చస్తాను. ఆపవద్దని కోరుకుంటూనే ఆమెను తిట్టుకున్నాను. మనిషిని కట్టేయడమంటే ఇదీ, గాజుగుడ్డతో చేతులు కట్టడం ఏం లెక్క?

అంతకన్నా ఘోరమైనది నా దిండు కిందే ఉంది. బ్యాగు నొక్కినప్పుడల్లా నా తల కదిలేది, ముడుపు మెడకు ఒరుసుకునేది. ముక్కుకు మందు వాసన తగిలేది. తోటలో మెడ వెనక తగిలిన తడి గుర్తొచ్చింది. మందంతా ఆ జడలో ఉందని నాకు అర్థమైంది, వేరెవరికీ అర్థం కాలేదు. ఆ వార్డులో సగం మంది మందు తాగి వచ్చినవాళ్ళే, గాలంతా అదే వాసన, ఎవరి ముక్కుకూ కొత్తగా తోచదు. నేను వేళ్ళతో దిండు వైపు గీరాను. మా అత్త చూసింది.

"స్వామిని తలుసుకుంటాండాది నా కోడలు" అని ముడుపు తీసి నా కళ్ళకద్దింది. నుదుటికద్దింది. మళ్ళీ గీరితే బుగ్గ పక్కన ఆనించి పెట్టింది. వద్దని తోశాను. కింద పడింది. అపచారమని లెంపలేసుకొని, మళ్ళీ తీసి ఇంకా దగ్గరగా పెట్టింది. ఎంత గీరితే అంత భక్తి అనుకుంది. గీరడం మానేశాను.

కంటిపాపలు ఒక పూట విచ్చేవి, మరో పూట మళ్ళీ చుక్కలయ్యేవి. ఛాతీలో మళ్ళీ గురగుర. డాక్టరు విరుగుడు పెంచాడు, ముక్కు ట్యూబులో విషాన్ని పీల్చే బొగ్గుపొడి కలిపిన నీళ్ళు పోయించాడు. చివరికి నా మంచం దగ్గరే నర్సుతో అన్నాడు: "కడుపు ఎప్పుడో శుభ్రమైంది. అయినా విషం వస్తూనే ఉంది. ఎవరో ఇస్తున్నారు." ముక్కు ట్యూబులో పాలు, మజ్జిగ పోసేది మా ఆయన.

అదే రోజు కుప్పం నుంచి మా అన్న వచ్చాడు. డాక్టరు మాట చెవిన పడగానే మా ఆయన చొక్కా పట్టుకున్నాడు. "నా సెల్లికి మందు తాపిండేది నువ్వే. నిన్ను జైల్లో ఏపిస్తా సూడు." వార్డంతా గుమిగూడింది. డాక్టరు నా చెయ్యి పట్టుకొని, "మీ ఆయన నీకేమైనా తాగించాడా?" అని అడిగాడు. రెండుసార్లు నొక్కాను. మళ్ళీ అడిగాడు. మళ్ళీ రెండుసార్లు.

"భయపడి కాదంటాంది సార్" అన్నాడు మా అన్న.

నాకున్న ఒకే ఒక్క మాటనూ అలా పక్కన పెట్టేశారు. మా ఆయన్ని కానిస్టేబులు తీసుకుపోయాడు, స్టేషను బెంచీ మీద కూర్చోబెట్టారని నర్సులు చెప్పుకుంటుంటే విన్నాను. పాలు పోసే పని నర్సే చేసింది. అయినా నా కంటిపాపలు విచ్చుకోలేదు. నేను చస్తే మా ఆయన జైలుకు పోతాడు, మా వాడు తల్లీ తండ్రీ లేనివాడవుతాడు. నిజం తెలిసినదాన్ని నేనొక్కదాన్నే, నన్ను అడిగేవాళ్ళు లేరు. ఆ భయంలో నేను మొక్కని దేవుడు లేడు, తిరుమల స్వామితో సహా.

మర్నాడు పొద్దెక్కాక నా ఊపిరి పలచబడసాగింది. బ్యాగు నొక్కే చెయ్యి నెమ్మదించింది. మా అత్త నిద్రమత్తులో ఉందనుకున్నాను. ఆమె చెయ్యి నా భుజం మీద పడింది, చల్లగా, చెమటతో తడిసి ఉంది. తర్వాత పక్కన ధబ్బుమని చప్పుడు. గాలి ఆగిపోయింది. లోకంలో గాలి లేకుండా ఉండటమంటే ఏమిటో ఆ కాసేపట్లో తెలిసింది. ఎవరో పరిగెత్తుకొచ్చి బ్యాగు అందుకున్నారు, నర్సే.

డాక్టరు మా అత్త దగ్గర కూర్చున్నట్టు ఆయన గొంతు కింది నుంచి వినిపించింది. "ఈమె నోట్లో కూడా నీళ్ళు కారుతున్నాయి. టార్చి ఇటివ్వండి." కొంచెం ఆగి, "ఈమె పాపలూ చుక్కల్లా ఉన్నాయి. ఏం తాగావమ్మా? కోడలి మీద బెంగతో తాగావా?"

"నేను తాగలేదు సామీ" అంది మా అత్త, నీరసంగా.

కోడలు అన్న మాటే అత్తా అంది. ఈసారి ఆయన తల ఊపలేదనుకుంటాను. లేచి నా దగ్గరికి వచ్చి, చెయ్యి పట్టుకున్నాడు.

"నువ్వూ తాగలేదా అమ్మా?"

ఒకసారి నొక్కి, వదలకుండా అలాగే పట్టుకున్నాను.

"నిజంగానే మీద పడిందా?"

నొక్కాను.

"ఆ మందు ఇంకా నీ దగ్గరే ఉందా?"

నొక్కాను. ఒంట్లో మిగిలిన బలమంతా వేళ్ళలోకి తెచ్చుకున్నాను. అప్పుడాయన ఒక్కొక్క వస్తువూ పేరు చెప్పడం మొదలుపెట్టాడు. పాల చెంబా? రెండు. దుప్పటా? రెండు. మీ అత్త చీరా? రెండు. దిండా? ఒకటి నొక్కాను. దిండు తీశాడు, నా తల పరుపు మీదికి జారింది. మూట ముడి విప్పిన చప్పుడు విన్నాను. ఆ వాసన గుప్పుమని కొట్టి ఉండాలి, "దేవుడా!" అన్నాడు ఇంగ్లీషులో చదువుకున్న ఆ డాక్టరు.

తర్వాత పని ఎంత వేగంగా జరిగిందంటే! పరుపు, దుప్పటి, దిండు అన్నీ బయటికి పోయాయి. నా తల నున్నగా గొరిగి, చెవుల వెనక, మెడ ముడతలు, గోళ్ళ కింద సబ్బుతో మళ్ళీ మళ్ళీ కడిగారు. రోజుల తరబడి ఆ ముడుపును ఒళ్ళో పెట్టుకొని, కళ్ళకద్దుకొని కూర్చున్న మా అత్తకూ అలాగే స్నానం చేయించి, పక్క మంచం మీద పడుకోబెట్టి సూది వేశారు. జడను బయట పాతిపెట్టాలన్నాడు డాక్టరు. మా అత్త పడుకునే బతిమాలింది.

"స్వామిది సామీ, అట్ట సెయ్యాకండి."

"విషం పట్టిన జుట్టు స్వామికిస్తావా అమ్మా?"

"ఇయ్యకూడదులే. మళ్ళీ పెరిగినాక ఇస్తాం" అంది. అలా ఆస్పత్రి వెనక గుంట తీసి పాతేశారు.

నా కంటిపాపలు విచ్చుకొని, ఈసారి అలాగే ఉన్నాయి. ఊపిరి యంత్రం ఖాళీ అయితే నన్ను దాని మీదికి మార్చారు. ఒక పొద్దున డాక్టరు "తల ఎత్తమ్మా" అంటే దిండు మీంచి కాస్త లేచింది. ఆయన నవ్వు వినిపించింది, మర్నాడు రెప్పలు తెరుచుకున్నాక కనిపించింది కూడా. మా ఆయన్ని వదిలేశారు. వచ్చి నా కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. "నేనూ తాగినావనే అనుకుంటిని" అన్నాడు, తల వంచుకొని. మా అన్నను నేను తొందరగానే క్షమించాను. మా ఆయన్ని క్షమించడానికి మాత్రం చాలా కాలం పట్టింది.

గొంతులో గొట్టం తీసేశాక కొన్నాళ్ళు మాట పెగల్లేదు. మా అత్త తేరుకొని, గోడ పట్టుకుంటూ నా మంచం దగ్గరికి వచ్చింది. చుట్టూ చూసి, ఎవరూ లేరని తేల్చుకొని, డాక్టరు పట్టుకున్నట్టే నా చెయ్యి పట్టుకుంది.

"బ్యాగు నొక్కేటప్పుడు నేను ఏమేమో వాగినా. నీకు ఇనబడిందా?"

ఆమె మొహం చూశాను. చెప్పలేనంత భయం ఉంది అందులో. నా కోపం ఏమీ తగ్గలేదు, కుర్చీలో కూర్చోవలసినదాన్ని ఎండలో నిలబెట్టిన మనిషి ఈమె. కానీ అవునంటే ఆమె ఆ ఇంట్లో నాతో ఒక పొయ్యి దగ్గర కూర్చోలేదు. నేను మాత్రం ఇంకెక్కడికి పోతాను? ఇద్దరం ఆ ఇంటికే పోవాలి. రెండుసార్లు నొక్కాను. ఆమె గట్టిగా ఊపిరి వదిలింది. నేను చెప్పిన నిజాలను ఎవరూ నమ్మలేదు గానీ, ఆ అబద్ధాన్ని మా అత్త వెంటనే నమ్మింది.

మరుసటి ఏడు, పక్క వీధి అమ్మాయి పెళ్ళి చేసుకొని వెంకటగిరికోట పోయింది, అంగనవాడీ పని ఖాళీ అయింది. ఆ మాట నేను ఇంట్లో ఎత్తలేదు. మా అత్తే నన్ను వెంటబెట్టుకొని సర్పంచి ఇంటికి బయల్దేరింది. నాకు అప్పటికి జుట్టు చెవుల దాకా పెరిగింది, కొంగు కప్పుకొని వెనకాల నడిచాను. అరుగు మీద మరో నలుగురు మగవాళ్ళు కూర్చొని ఉన్నారు.

"పోయినసారి నీ కోడలికి ఇష్టం లేదంటివి కదమ్మా?" అన్నాడు సర్పంచి.

"నా కోడలికి ఇష్టమే ఉండె. నేనే అబద్ధం సెప్తిని. కుళ్ళుతో సెప్తిని" అంది మా అత్త, అందరికీ వినబడేటట్టు.

అని, నా వైపు తిరిగింది. నేను ఉలిక్కిపడతానని, అరుస్తానని, ఏడుస్తానని ఆమె కాచుకొని చూస్తోంది. నేను మామూలుగా నిలబడి ఉన్నాను. ఆశ్చర్యపడినట్టు మొహం పెట్టాలని నాకు తోచనే లేదు. చూస్తూ చూస్తూ ఆమె కళ్ళు పెద్దవయ్యాయి, తర్వాత నీళ్ళు తిరిగాయి. కొంగు కింద నుంచి నా చెయ్యి వెతికి పట్టుకుంది. ఏమీ అడగలేదు.

ఒకసారి నొక్కాను.